వరస

లారిసా నుంచి నేను పెట్టెలో తెచ్చుకున్నవి:
ఒకే రింగుకి గుచ్చిన ఎనిమిది స్టీలు కొలత చెంచాలు,
ఒకదాని పొట్టలో ఒకటి ఇమిడే నాలుగు కప్పులు,
ఎర్ర గీతల గాజు జగ్గు.
మా అత్తగారు థెమెలీనా వాటిని అటూ ఇటూ తిప్పి చూసి
"ఎవరికి వైద్యం?" అంది.

కాలిమ్నోస్‌లో ఆ ఇంటి వంటగది కింద నీళ్ళ గొయ్యి.
చలికాలం డాబా మీద పడ్డ వానంతా అందులోకే దిగుతుంది.
ఆగస్టు వచ్చేసరికి బకెట్ అడుగు తగిలి
ఖంగుమంటుంది.
అక్కడ అంట్లు తోమడం పని కాదు,
ఖర్చు.

మొదటి ఆదివారం కేక్ చేశాను.
కేక్ బాగానే వచ్చింది.
సింకులో పదిహేడు అంట్లు.
తేనె కప్పుని పట్టుకుని వదలదు,
తడి తగిలిన పిండి జిగురై జగ్గు మూతిలో కూర్చుంది,
పావు చెంచా గుంటలో గోరు కూడా పట్టదు.
రెండు బకెట్లు పోశాను.
ఆవిడ ఒక్క మాట అనలేదు.
గొయ్యి మూత తీసి, తొంగిచూసి,
మళ్ళీ మూత పెట్టింది.
ఆ మూత చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మార్చిలో నా చెంచాలు పోయాయి.
సొరుగులు, అటక, సకెల్లారిస్ పడవ సంచీ,
పిల్లి పడుకునే బుట్ట, అన్నీ వెతికాను.
"ఎనిమిదీ కలిసి లేచిపోయుంటాయి" అన్నాడు మా ఆయన.
అత్తగారు మాత్రం నవ్వలేదు.
"ఫనూరియోస్ స్వామికి కేక్ చేద్దాం.
పోయినవి చూపించడం ఆయన పని."

చెంచాలు దొరకడానికి
చెంచాలు లేకుండా కేక్!

ఒక మట్టి బేసిన్. ఒక గ్లాసు,
నీళ్ళు తాగేదే, అంచు కాస్త పెచ్చు లేచింది.
ముందు పిండి, మూడుసార్లు.
గ్లాసుని లోపల వేలితో ఒకసారి తుడిచింది, అంతే.
తర్వాత చక్కెర.
గుప్పెడు అక్రోట్లు.
అరచేతి గుంటలో దాల్చినచెక్క పొడి, చూడకుండానే.
అప్పుడు ఆలివ్ నూనె, నిండా.
గ్లాసు గోడలు ఇంకా జిడ్డుగా మెరుస్తుండగానే
అందులోకే తేనె.
అబ్బ, ఆ తేనె జారడం!
నా కప్పుని అంతలా కరిచిపట్టిన తేనేనా ఇది?
చుట్టం మనసు మారి బయల్దేరినట్టు
వెనక్కి చూడకుండా దిగిపోయింది.
తర్వాత నారింజ రసం, అందులో సోడా ఉప్పు.
బుసబుస పొంగి
మిగిలిన తేనెనీ నూనెనీ వెంటబెట్టుకెళ్ళింది.
ఆఖరున బ్రాందీ. పిండిలో వొంపి,
అడుగున ఒక గుక్క ఆపి, గిర్రున తిప్పి
తాగేసింది.
గ్లాసు బోర్లించి చెయ్యి దులుపుకుంది.
లెక్కపెట్టాను. స్వామి అడిగే తొమ్మిది రకాలూ పడ్డాయి.
సింకులో ఏమీ లేదు.

"వరస తెలియాలమ్మాయ్" అంది,
"వెనక వచ్చేది ముందుదాన్ని కడగాలి."

నూనె తేనెకి వరసకి ఏమవుతుందో
అడుగుదామనుకుని ఊరుకున్నాను.

కేక్ వీధంతా పంచాం.
స్వామి తొందరపడలేదు.
ఆగస్టులో ఒక పొద్దున సకెల్లారిస్ బకెట్ దింపితే
ఖంగుమనలేదు,
గలగలమంది.
మార్చి నుంచీ ఆ నీళ్ళే తాగుతున్నాం.
రెండో బకెట్ తోడిన రోజుల్లో
నా నడుముకి రింగు తగిలించుకుని వంగిన సంగతి
అప్పుడు గుర్తొచ్చింది.
ఆవిడకి ముందే తెలుసేమో, అడగలేదు.

ఇప్పుడు చెంచాలు గొయ్యి మూత పక్కన మేకుకి వేలాడుతున్నాయి.
ఒకే ఒక్కసారి తీశాను.
ఆవిడ అరచేతి దాల్చినచెక్కని
కాగితం మీద వొంపించుకుని
రాత్రి అందరూ పడుకున్నాక కొలిచాను.
చెంచాన్నర.
మర్నాడు మళ్ళీ. చెంచాన్నర.
చెంచా మాత్రం
కడగాల్సి వచ్చింది.